పీహెచ్‌సీ పక్కన కళ్లద్దాల గది

మీ ప్రశ్న మొత్తం చదివానండి. కొత్తగా చూసేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. కనిగిరి వైపు మండలం, ఊళ్లో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంది, డాక్టర్ గారు ఒక్కోసారి ఉంటారు ఒక్కోసారి ఉండరు, మీ బ్యాచ్ వాళ్లు కొంతమంది హైదరాబాద్‌లో కొంతమంది డల్లాస్‌లో ఉన్నారు, అందరూ కలిసి డబ్బు పోగేశారు, దాంతో ఊళ్లో క్లినిక్ పెట్టాలని, అది ఎప్పటికీ చందాల మీద బతక్కుండా సోషల్ ఎంటర్‌ప్రైజ్ లాగా తన ఖర్చు తాను సంపాదించుకోవాలని మీ ఆలోచన. క్లినిక్ కాకపోతే అంబులెన్సా, జనరిక్ మందుల షాపా, వాటర్ ప్లాంటా అని కూడా అడిగారు.

నేను పల్లెటూళ్ల ఆరోగ్యం పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా, అందులోనూ ఎక్కువ కంటి వైపు. కాబట్టి నా సమాధానం అటే మొగ్గుతుంది, అది ముందే తెలుసుకుని చదవండి.

క్లినిక్ వద్దు. మొహమాటం లేకుండా చెప్తున్నా. ఎంబీబీఎస్ డాక్టర్ గారిని మీ ఊళ్లో ఉంచాలంటే ఇచ్చే జీతం, యాభయ్యో వందో ఓపీ ఫీజుతో ఎప్పటికీ రాదు. మరి ఎలా వస్తుంది? ఇంజెక్షన్, సెలైన్, అవసరం ఉన్నా లేకపోయినా నాలుగు టెస్టులు. చిన్న క్లినిక్కులన్నీ చివరికి ఆ దారిలోకే వెళ్తాయి, డాక్టర్ చెడ్డవాడని కాదు, లెక్క అలా తోసేస్తుంది. పైగా సెలైన్ ఎక్కించకపోతే ఈయనేం డాక్టరు అనుకునే జనం మనోళ్లు. ఇంకోటేంటంటే మీ క్లినిక్ బాగా నడిచిందనుకోండి, కాస్త డబ్బున్నవాళ్లు, నోరున్నవాళ్లు అంతా అటు వస్తారు, పీహెచ్‌సీకి ఏమీ లేనివాళ్లు మాత్రమే మిగులుతారు, అక్కడ డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందని కలెక్టర్ గ్రీవెన్స్‌లో గట్టిగా అడిగే మనిషే ఉండడు. మీరు సాయం చేద్దామని వెళ్లి ఉన్నదాన్ని కూడా బలహీనం చేసినట్టవుతుంది.

అంబులెన్స్ సంగతి, 108 మన దగ్గర 2005 ఆగస్టు 15 నుంచి ఉంది, కాన్పు అయిన తల్లీబిడ్డని ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆలస్యాలు ఉంటాయి నిజమే, కానీ మీరు ఒక బండి కొని డ్రైవర్లని మూడు షిఫ్టుల్లో పెట్టి నడిపితే మీ డబ్బు రెండేళ్లలో డీజిల్ కింద పోతుంది. మందుల షాపు అయితే డ్రగ్ లైసెన్స్ కావాలి, రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ ఉండాలి, ఇక బీపీ షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో ఫ్రీగానే ఇస్తారు, కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చవక మందుల షాపులు, జన ఔషధి అనేవి 2008 నుంచే ఉన్నాయి, కాబట్టి ఆ పని తర్వాతైనా చేసుకోవచ్చు, మొదటి పనిగా మాత్రం వద్దు. వాటర్ ప్లాంట్, మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎంత బాధో నాకు తెలుసు, కానీ అది వేరే యవ్వారం, దాని మెయింటెనెన్స్ గురించే ఇంకో పెద్ద పోస్టు రాయాలి.

మరి ఏం చేయాలి. పీహెచ్‌సీ చేయలేని పని, చేసే టైమ్ లేని పని ఒకటి పట్టుకోవాలి. ఆ పనికి జనం సంతోషంగా కొంచెం డబ్బు ఇచ్చేలా ఉండాలి. డాక్టర్ లేకుండా ట్రైనింగ్ అయిన లోకల్ మనిషితో నడిచేలా ఉండాలి. అక్కడికి వచ్చినవాళ్లని పీహెచ్‌సీకి, పీహెచ్‌సీకి వచ్చినవాళ్లని ఇక్కడికి పంపుకునేలా ఉండాలి. నేను చూసినంతలో ఈ నాలుగూ కలిసేది కంటి దగ్గరే.

పీహెచ్‌సీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకి ఒకటి, ఏజెన్సీలో అయితే 20,000కి ఒకటి. ఆ డాక్టర్ గారు పొద్దున్నే జ్వరాలు, గర్భిణీల చెకప్పులు, బుధవారం శనివారం టీకాలు, మధ్యలో వీడియో కాన్ఫరెన్సు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మళ్లీ ఊళ్లు తిరగడం. ఇంత మధ్యలో ఒక పెద్దావిడ వచ్చి "సారూ కళ్లు మసకేస్తన్నయ్" అంటే ఆయన చేయగలిగింది ఒక చుక్కల మందు రాసి ఒంగోలు వెళ్లమ్మా అనడమే. చూపు పరీక్ష చేయడానికి కనీసం ఒక్కో మనిషికి పావుగంట పడుతుంది. చూపు పరీక్ష చేయడానికి ఆప్తాల్మిక్ ఆఫీసర్ అని గవర్నమెంట్‌లో పోస్టు ఉంటుంది కానీ ఒక్కరే రెండు మూడు చోట్ల చూసుకుంటుంటారు. ఆ పెద్దావిడేమో ఒంగోలు వెళ్లదు. ఎందుకు వెళ్లదంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చే కొడుకుదో మనవడిదో ఇంకో కూలి పోతుంది, బస్సు చార్జీలు, అక్కడ ఎక్కడికి వెళ్లాలో తెలీదు. మసగ్గా ఉన్నా గడిచిపోతోందిలే అని ఊరుకుంటుంది.

ఇది ఎంత పెద్ద సమస్యో చెప్పే సర్వే ఒకటి మన దగ్గరే జరిగింది. 1996 నుంచి 2000 దాకా ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాద్‌లో, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్ష చేశారు. చూపు పోయినవాళ్లు 1.84 శాతం. చిన్న అంకెలా ఉంది కదా, అప్పటి ఉమ్మడి రాష్ట్రం జనాభాకి వేసుకుంటే లక్షల్లో. అందులో 44 శాతం శుక్లం వల్ల, అది ఆపరేషన్‌తో పోయేదే. నన్ను ఆపేసిన అంకె అది కాదు, దాని తర్వాతది. దాదాపు 16 శాతం మందికి చూపు పోవడానికి కారణం సరైన అద్దాలు లేకపోవడం! రోగం కూడా కాదు, అద్దాలు లేక గుడ్డివాళ్ల లెక్కలో పడ్డారు.

ఈ ఎల్‌వీ ప్రసాద్ ఆసుపత్రి (పొట్టిగా ఎల్‌వీపీఈఐ) వాళ్ల పద్ధతి మీరు కచ్చితంగా చదవాలి, ఎందుకంటే మీరు అడిగిన సోషల్ ఎంటర్‌ప్రైజ్ ప్రాథమిక వైద్యానికి ఎలా తోడవుతుంది అనేదానికి మన నేల మీద అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడదు. డాక్టర్ గుళ్లపల్లి ఎన్. రావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. పెద్దాసుపత్రి కట్టి అందర్నీ ఇక్కడికే రమ్మంటే పల్లెల నుంచి రారని తేలిపోయింది, 1996లో ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో చిన్న కంటి ఆసుపత్రి తెరిచారు, తర్వాత పాలమూరు వైపు తూడుకుర్తి లాంటి పల్లెల్లో. దాని కింద ఇంకో మెట్టు, విజన్ సెంటర్. మెట్ల లెక్క ఇలా ఉంటుంది, ఊళ్లో 5,000 మందికి ఒక కార్యకర్త, 50,000 మందికి ఒక విజన్ సెంటర్, 5 లక్షల మందికి ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి, 50 లక్షలకి పెద్ద ఆసుపత్రి, పైన 5 కోట్లకి హైదరాబాద్‌లో ఉన్నది. మీలాంటి వాళ్లు పట్టుకోవాల్సింది ఆ విజన్ సెంటర్ మెట్టు. 50,000 అంటే సుమారుగా ఒక మండలం, చూశారా, మీ లెక్కకి సరిగ్గా సరిపోయింది.

విజన్ సెంటర్ అంటే ఏదో అనుకునేరు, ఒక గది, ముందు చిన్న వరండా. లోపల గోడకి అక్షరాల చార్టు, తెలుగు అక్షరాలది ఒకటి, చదువు రానివాళ్లకి ఇంగ్లిష్ E అక్షరం అటూఇటూ తిప్పి ఉండేది ఒకటి, చేత్తో ఎటు తిరిగిందో చూపిస్తే చాలు. గది పొడుగు లేకపోతే ఎదురుగా అద్దం పెట్టి దూరం సరిచేస్తారు. ట్రయల్ లెన్సుల పెట్టె, పవర్ కొలిచే రెటినోస్కోప్, కన్ను దగ్గరగా పెద్దది చేసి చూసే స్లిట్ ల్యాంప్, కంటి ప్రెషర్ చూసేది. ఇంకో గోడకి ఫ్రేములు. చెప్తున్నా కదా ఆ ఫ్రేముల గోడే మీ ఎంటర్‌ప్రైజ్, మిగతాదంతా సేవ.

అక్కడ కూర్చునేది డాక్టర్ కాదు, విజన్ టెక్నీషియన్. ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే, ఇంటర్ పాసైనవాళ్లు, ఒక ఏడాది ట్రైనింగ్. ఆడపిల్లలు చాలామంది ఉన్నారు ఈ పనిలో. ఎందుకు లోకల్ పిల్లల్నే తీసుకోవాలి అంటే సిటీ నుంచి వచ్చిన ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్ష చదువు చదివినవాడు) ఎంత మంచివాడైనా ఆరు నెలల తర్వాత ట్రాన్స్‌ఫర్ అడుగుతాడు, అదే కనిగిరి అమ్మాయి అయితే పొద్దున్న ఇంట్లో అన్నం తిని బస్సెక్కి వచ్చి సాయంత్రం ఇంటికెళ్తుంది, ఆ అమ్మాయికి ఇది మంచి ఉద్యోగం, వచ్చిన ముసలమ్మకి కూడా "ఓ నువ్వు ఫలానా వాళ్ల మనవరాలివి కదే" అని ధైర్యం. నమ్మకం అక్కడే సగం వచ్చేస్తుంది.

ఇప్పుడు ఒక మనిషి అక్కడికొస్తే ఏమవుతుందో చూడండి. నలభై దాటిన టైలర్ అనుకుందాం, సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చాడు. అది చత్వారం, రోగం కాదు, వయసు. దగ్గర చూపు అద్దాలు ఇస్తే అరగంటలో పని అయిపోయింది. వాడు డబ్బులు ఇస్తాడు, సంతోషంగా ఇస్తాడు, ఎందుకంటే రేపటి నుంచి కుట్టు మిషన్ దగ్గర ఇంకో రెండు జాకెట్లు ఎక్కువ కుడతాడు. ఇది నా ఊహ కాదు, అస్సాంలో టీ తోటల కూలీల మీద స్టడీ చేశారు, 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది, నలభై దాటినవాళ్లకి మామూలు దగ్గర చూపు అద్దాలిస్తే ఆకు కోయడం దాదాపు 22 శాతం పెరిగింది. మన దగ్గర బీడీలు చుట్టేవాళ్లు, బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లు, అందరికీ ఇదే కథ.

తర్వాత అరవై దాటిన పెద్దాయన, రెండు కళ్లలో శుక్లం. టెక్నీషియన్ అద్దాలు అమ్మకూడదు ఇక్కడ, ఆపరేషన్‌కి పంపాలి. పంపడం అంటే చీటీ రాసి చేతిలో పెట్టడం కాదు, ఏ రోజు వెళ్లాలి, ఎవరు తీసుకెళ్తారు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ మాట్లాడి, వెళ్లాడో లేదో మళ్లీ వారం తర్వాత కనుక్కోవడం. జిల్లాలో అంధత్వ నివారణ సంస్థ ఉంటుంది, గవర్నమెంట్ ఆసుపత్రిలో గానీ లేక ఫ్రీగా చేసే ట్రస్ట్ ఆసుపత్రిలో గానీ చేయిస్తారు. ఆపరేషన్ అయినవాళ్లకి మొదటి చెకప్‌లన్నీ ఊళ్లోనే విజన్ సెంటర్లో అయిపోతే, మళ్లీ మళ్లీ ఒంగోలు తిరిగే బాధ పోతుంది, అది చూసి పక్కింటాయన కూడా ధైర్యం చేస్తాడు.

ఇంకోటి, కందికట్టె కొట్టేటప్పుడో వడ్లు నూర్చేటప్పుడో కంట్లో ఏదో పడింది, ఎర్రబడింది. మనోళ్లు ఏం చేస్తారు, ఆకు పసరు పోస్తారు, చనుబాలు పోస్తారు, లేదంటే మెడికల్ షాపుకెళ్లి చుక్కల మందు తెచ్చుకుంటారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, కంట్లో పుండు ఫంగస్‌ది అయితే, కన్ను పోయినట్టే, పువ్వు పడుతుంది. పొలం పనులు చేసేవాళ్లలో ఫంగస్ పుండ్లు ఎక్కువ. ఇక్కడ టెక్నీషియన్ చేయాల్సింది వైద్యం కాదు, చూడగానే గుర్తుపట్టి అదే రోజు పెద్దాసుపత్రికి తోలడం. వాళ్లకి మందులు రాసే హక్కు లేదు, ఉండకూడదు కూడా, మీరు సెంటర్ పెడితే మొదటి రోజే ఈ మాట గోడ మీద రాసి పెట్టండి.

షుగర్ వాళ్ల విషయానికొస్తే, పీహెచ్‌సీతో అసలు ముడి పడేది ఇక్కడే. మీ పీహెచ్‌సీలో ఎన్‌సీడీ (అంటురోగాలు కాని జబ్బుల) రిజిస్టర్ ఉంటుంది, బీపీ షుగర్ ఉన్నవాళ్ల పేర్లు, ఆశా వర్కర్లు, ఏఎన్ఎమ్‌లు ఇంటింటికీ తిరిగి రాసినవి. షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి కంటి వెనక రెటీనా చూడాలి, చూపు బాగున్నా చూడాలి, ఎందుకంటే మసకేసే టైముకి చాలాసార్లు ఆలస్యం అయిపోతుంది. పీహెచ్‌సీలో రెటీనా కెమెరా ఉండదు. మీ సెంటర్లో ఆ కెమెరా (ఫండస్ కెమెరా అంటారు) ఉంటే, లేదా నెలకి రెండు రోజులు ఎక్కడి నుంచో తెప్పిస్తే, ఆ ఫొటోలు నెట్‌లో పెద్దాసుపత్రికి పంపితే అక్కడ డాక్టర్ చూసి చెప్తారు. పీహెచ్‌సీ నుంచి మీకు షుగర్ పేషెంట్లు వస్తారు. మీ దగ్గర నుంచి అటు ఏం వెళ్తుంది? అద్దాల కోసం వచ్చిన ప్రతి నలభై దాటిన మనిషికి బీపీ చూడండి, షుగర్ చుక్క టెస్ట్ చేయండి. పని మానుకుని ఆసుపత్రికి పోయే అలవాటు లేని మగవాళ్లు కూడా అద్దాల కోసం అయితే వస్తారు, అందులో ఎంతమందికి తెలియకుండానే బీపీ ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ పేర్లు పీహెచ్‌సీకి పోతాయి, మాత్రలు అక్కడ ఫ్రీ. డాక్టర్ గారికి మీరు పోటీ కాదని, పని తగ్గించే మనుషులని అర్థమయ్యేది ఇలాంటి పని చూసినప్పుడే.

అయితే డాక్టర్ గారి మీద మొత్తం ఆధారపడకండి. మెడికల్ ఆఫీసర్లు మారిపోతుంటారు, పీజీ సీటు రాగానే వెళ్లిపోతారు, తప్పులేదు. మారనివాళ్లు ఎవరంటే స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, సూపర్‌వైజరు, ఏఎన్ఎమ్‌లు, ఆశాలు. పీహెచ్‌సీలో నెలకోసారి ఆశా డే జరుగుతుంది, అందరు ఆశాలూ వస్తారు, ఆ రోజు టీ బిస్కెట్ల ఖర్చు మీరు పెట్టుకుని పావుగంట అడిగి, ముందు వాళ్ల కళ్లే పరీక్ష చేయండి. నలభై దాటిన ఆశాలు ఎంతమంది ఫోన్‌లో ఆ యాప్ ఎంట్రీలు కళ్లు చిట్లించుకుని చేస్తున్నారో! వాళ్లకి అద్దాలు అమిరాయంటే ఇక మీకు వేరే ప్రచారం అక్కర్లేదు. ఒక ఆశా వర్కర్ ఇంటింటికీ తిరుగుతూ "నేను అక్కడే తీసుకున్నానక్కా" అంటే దానికి మించిన పాంప్లెట్ లేదు.

క్యాంపులు పెడితే సరిపోదా అని మీలో ఎవరో అడిగే ఉంటారు, ఎన్నారైలకి క్యాంపులంటే ఇష్టం, ఫొటోలు బాగుంటాయి. క్యాంపులు చెడ్డవని కాదు. తమిళనాడులో అరవింద్ వాళ్లు, 1976లో మధురైలో 11 మంచాలతో మొదలైన ఆసుపత్రి, ప్రపంచంలో అంతలా క్యాంపులు చేసినవాళ్లు ఉండరేమో, వాళ్ల ప్రాంతంలోనే స్టడీ చేస్తే కంటి బాధ ఉన్నవాళ్లలో క్యాంపుకి వచ్చినవాళ్లు 7 శాతమే అని 1999లో పేపర్ వచ్చింది. తర్వాత వాళ్లూ విజన్ సెంటర్ల వైపు వచ్చారు, ఊళ్లో టెక్నీషియన్, కంప్యూటర్లో మధురై డాక్టర్. మన గవర్నమెంట్లు కూడా పెద్ద ఎత్తున చేశాయి, తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది, ఏపీలో 2019 అక్టోబర్ 10న స్కూలు పిల్లలతో మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఫ్రీగా ఇచ్చిన అద్దాలు ఏడాదికి కాడ విరుగుతాయి, రెండేళ్లకి పవర్ మారుతుంది, అప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లో రోజూ తలుపు తీసి ఉండే గది లేకపోతే ఆ అద్దాలు అటక మీదకే.

సరే డబ్బు లెక్క. ఇవి నేను అర్థం కావడానికి వేసిన అంకెలు, మీ ఊరి రేట్లతో మీరు మళ్లీ వేసుకోండి. టెక్నీషియన్ జీతం 15,000, ఊళ్లు తిరిగే మనిషికి 8,000, గది అద్దె 3,000, కరెంటు నెట్టు 1,500, చిల్లర 1,500. మొత్తం నెలకి 29,000. ఒక జత మీద అన్ని ఖర్చులూ పోను సగటున 250 మిగులుతుంది అనుకుందాం, అప్పుడు నెలకి 116 జతలు పోవాలి. నెలకి 26 రోజులు, రోజుకి పది మంది వస్తే 260 మంది, అందులో నూటికి 45 మంది అద్దాలు తీసుకుంటే 117. అంటే రోజుకి పది మంది రావాలి, అదీ మీ అసలు టార్గెట్. మొదటి నెలలోనే రారు. మీరు పోగేసిన డబ్బు పరికరాలకి, మొదటి ఏడాదిన్నర లోటుకి, టెక్నీషియన్ ట్రైనింగ్‌కి వాడాలి, బిల్డింగ్‌కి ఒక్క రూపాయి పెట్టొద్దు. దాత పేరుతో శిలాఫలకం పెట్టి బిల్డింగ్ కట్టి లోపల స్లిట్ ల్యాంప్ కొనడానికి డబ్బుల్లేని చోట్లు నేను చూశాను. ఎల్‌వీపీఈఐ సెంటర్లు చాలావరకు అద్దాల అమ్మకంతోనే రోజువారీ ఖర్చు లాక్కొస్తాయి, ఆపరేషన్లలో సగానికి పైగా ఫ్రీగా చేస్తారు, డబ్బు కట్టేవాళ్ల మిగులు కట్టలేనివాళ్లకి.

ఇక్కడ ఒక గుంట ఉంది, పడకండి. అద్దాలే ఆదాయం కాబట్టి టెక్నీషియన్‌కి జతకి ఇంత అని కమీషన్ పెడదాం అని మీలో కార్పొరేట్ ఉద్యోగం చేసేవాళ్లు ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. పెట్టొద్దు. కమీషన్ పెట్టిన మరుసటి నెల నుంచి పావు పాయింటు పవర్‌కి కూడా అద్దాలు పోతాయి, శుక్లం ఉన్నాయనకి కూడా "ముందు ఇవి వాడి చూడు తాతా" అని ఒక జత అంటగడతారు, ఆయన ఆపరేషన్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. జీతం ఫిక్స్‌డ్‌గా ఉండాలి. మీరు చూడాల్సిన అంకెలు వేరే, ఆపరేషన్‌కి పంపినవాళ్లలో ఎంతమంది నిజంగా వెళ్లారు, అర పాయింటు లోపు పవర్లు ఎన్ని రాశారు, పీహెచ్‌సీకి పంపిన బీపీ కేసుల్లో ఎంతమంది మాత్రలు మొదలుపెట్టారు. ఈ మూడూ నెలనెలా చూస్తే సెంటర్ ఎటు పోతోందో కూర్చున్న చోటే తెలిసిపోతుంది.

ఫ్రీగా ఎవరికివ్వాలి అనే గొడవ కూడా వస్తుంది. రేషన్ కార్డు చూసి ఇద్దాం అంటారు. రేషన్ కార్డు లేని ఇల్లు మీ ఊళ్లో ఎన్ని ఉంటాయో మీకే బాగా తెలుసు కదా. నా సలహా, నెలకి ఇన్ని జతలు అని పెట్టి, ఎవరికివ్వాలో టెక్నీషియన్ అక్కడికక్కడే తేల్చుకోవాలి, కాగితాలు అడగొద్దు, పేరు బయట పెట్టొద్దు, ఫొటో అసలే వద్దు. ఆ అమ్మాయికి ఊరు తెలుసు, ఎవరు నిజంగా ఇవ్వలేరో ఆమెకి మీకంటే బాగా తెలుసు. మామూలు రీడింగ్ గ్లాసులు బాగా తక్కువ రేటుకి పెట్టండి, లేనివాళ్లు కూడా చాలామంది అడుక్కున్నట్టు తీసుకోవడం కంటే వంద రూపాయలిచ్చి కొనుక్కోవడానికే ఇష్టపడతారు.

స్కూళ్లకి కూడా వెళ్లాలి, చార్టు ఎలా పట్టుకోవాలో టీచర్లకి నేర్పిస్తే మొదటి వడపోత వాళ్లే చేస్తారు, అనుమానం ఉన్న పిల్లల్ని మాత్రం సెంటర్‌కి తేవాలి. దీని గురించి ఎక్కువ చెప్పను, కష్టం కాదు.

రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని మన చట్టంలో వేరే పెట్టె ఏమీ లేదు. సొసైటీ, ట్రస్ట్, లేదా కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీ, ఈ మూడింట్లో ఒకటి. అద్దాల అమ్మకం ఉంటుంది, లెక్కలు పక్కాగా ఉండాలి కాబట్టి నేనైతే సెక్షన్ 8 అంటా, లాభం పంచుకోకూడదు, తిరిగి పనిలోనే పెట్టాలి. సంస్థకి, దాతలకి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు (పాత చట్టంలో 12ఏ, 80జీ అనేవాళ్లు) తెచ్చుకోండి, తర్వాత ఏదైనా కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే సీఎస్‌ఆర్-1 ఫారం కూడా వేసి ఉండాలి. ఒక మంచి సీఏని పట్టుకోండి.

డల్లాస్ వాళ్ల డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మీ ఫ్రెండ్ దగ్గర ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, తన సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నాడనుకోండి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, మన ఊరోడే అయినా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బు, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. కొత్త సంస్థ అయితే ముందస్తు అనుమతి అనే దారి ఉంది, అది ఒక దాత, ఒక పని అని చూపించి తీసుకునేది. 2020లో చట్టం మార్చాక డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ అకౌంట్‌లోకే రావాలి, ఒకరు తీసుకుని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా కుదరదు, కాబట్టి "ఫలానా ట్రస్ట్ ద్వారా తిప్పుకుందాం" అనే ఐడియా ఎవరైనా ఇస్తే నమస్కారం పెట్టేయండి. ఎవరెవరికి ఏ పాస్‌పోర్టు ఉందో వాట్సాప్ గ్రూపులో ఇవాళే అడిగి రాసుకోండి.

సెంటర్ ఎక్కడ పెట్టాలి అన్నదానికి, పీహెచ్‌సీ ఆవరణలో ఖాళీ గది ఇస్తే మంచిదే, హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీలో తీర్మానం పెట్టించుకోవాలి, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారి అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, నోటి మాట మీద వెళ్లొద్దు. కానీ లోపల పెడితే అద్దాలకి డబ్బు తీసుకోవడం ఇబ్బంది అవుతుంది, గవర్నమెంట్ ఆసుపత్రిలో వసూళ్లు అని పేపర్లో వచ్చేస్తుంది. అందుకే నేను గేటు బయట, నడిచి వెళ్లేంత దూరంలో, బస్సు ఆగే చోటికి దగ్గరగా అద్దె గది అంటాను. సంత ఏ రోజో చూసుకోండి, ఆ రోజు సెంటర్ పొద్దుపోయేదాకా తెరిచి ఉండాలి, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు బయటకొచ్చేది ఆ రోజే.

టెక్నీషియన్ ట్రైనింగ్ మీరు సొంతంగా ఇవ్వాలని చూడకండి, ఇప్పటికే చేస్తున్న పెద్ద కంటి ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని మీ మండలం నుంచి ఇద్దర్ని పంపండి, ఇద్దర్ని ఎందుకంటే ఒకరు పెళ్లయి వెళ్లినా ఇంకొకరు ఉంటారు. ట్రైనింగ్‌కి ఏడాది పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్, గది, అనుమతులు అన్నీ ఆ ఏడాదిలోనే అయిపోతాయి, ఏమీ జరగడం లేదని డల్లాస్ వాళ్లు గోల చేస్తారు, చేయనివ్వండి. ఆ ఒప్పందంలోనే ఆపరేషన్లకి ఎవరు తీసుకుంటారు, రెటీనా ఫొటోలు ఎవరు చూస్తారు, నెలకోసారి మీ సెంటర్‌కి వచ్చి టెక్నీషియన్ పని ఎవరు చెక్ చేస్తారు అనేది రాయించుకోండి. వెనక ఆసుపత్రి లేని విజన్ సెంటర్ ఉత్త కళ్లజోళ్ల షాపే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఈ సారి ఊరెళ్లినప్పుడు పీహెచ్‌సీ ఫార్మసిస్ట్ గారిని అడిగి నెలకి ఓపీ ఎంత, అందులో కంటి బాధ అని వచ్చేవాళ్లు ఎందరు, ఎన్‌సీడీ రిజిస్టర్‌లో షుగర్ వాళ్లు ఎందరు, ఇవి కనుక్కోండి, పేర్లు వద్దు, అంకెలు చాలు. దగ్గర్లో ఇప్పటికే విజన్ సెంటర్ గానీ ఆప్టికల్ షాపు గానీ ఎంత దూరంలో ఉందో కూడా చూడండి, ఇరవై కిలోమీటర్ల లోపు మంచిది ఒకటి ఉంటే మీరు కొత్తది పెట్టకుండా వాళ్లకి ఊళ్లు తిరిగే మనిషిని ఇవ్వడమే మేలు. ఆ అంకెలు, మండలం జనాభా ఇక్కడ పెట్టండి, గది ఎక్కడ తీసుకోవాలో అప్పుడు చెప్తా.